బాలరాజు పేరు పైకి అన్న రోజు

ఆదినారాయణప్ప ఇళ్లకు రంగులు వేస్తాడు. పుట్టింది కదిరి దగ్గర. వర్తూరులో ఒంటిగది, ఒక్కడికే వంట. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

వయసులో ఉన్నప్పుడు ఆనేకల్‌లో బాలరాజుతో కలిసి ఉండేవాడు. ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పనిచేశారు, ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. చూసినవాళ్లు మంచి స్నేహితులనుకున్నారు. తర్వాత ఇంట్లోవాళ్లు బాలరాజుకు గంగమ్మతో పెళ్లి చేశారు. ఆ పెళ్లిలో వడ్డించింది ఆదినారాయణప్పే. మర్నాడు గది ఖాళీ చేసి వర్తూరు వచ్చేశాడు.

కిందటేడు బాలరాజు కామెర్లతో పోయాడు. పోయాక పాత మేస్త్రీ నుంచి కబురంది వెళ్లేసరికి పాడె లేచింది. తోటి పనివాళ్ల మధ్య నిలబడి, వాళ్లు ఏడ్చినంతే ఏడ్చి తిరిగొచ్చాడు.

ఈ ఏడు ఒక సంఘం హాలుకు రంగు వేసే పని దొరికింది. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగపిల్లాడిగా పెరిగి ఆడమనిషిగా బతుకుతున్న సంధ్యలాంటివాళ్లు అక్కడ కలుసుకుంటారని అతనికి తెలియదు. అతను నిచ్చెన మీదుండగా కింద సంధ్య, తన బరువైన గొంతుతో పాట ఎత్తుకుంది.

"వాన అందరిదీ, ఎండ అందరిదీ,
నా వలపొక్కటే ఎట్లా మైలాయె తల్లీ?"

బ్రష్షు ఆగిపోయింది. ఇన్నేళ్లూ తనలో తాను కూడా అనుకోవడానికి భయపడ్డ మాట. దాన్ని ఎవరో అమ్మను అడిగినంత సులువుగా అడుగుతున్నారు. కిందికి దిగి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమైందన్నా?" సంధ్య దగ్గరికొచ్చింది.

"కంట్లో రంగు పడిందమ్మా."

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. కడుక్కున్నా కన్నీళ్లు ఆగలేదు.

"ఎవురన్నా ఆయప్ప?" అవి రంగు పడి వచ్చిన నీళ్లు కావని పోల్చుకుని మెల్లగా అడిగింది.

"బాలరాజు. పోయినాడు. ఏడ్చేదానికి నేను ఆయనకి ఏమీ కాను గదా!"

"ఏమీ కాకుంటే ఇంత ఏడుపు యాడనుంచి వచ్చె?"

ఆ ఆదివారం ఆనేకల్‌లో బాలరాజు ఇంటికి వెళ్లాడు. గంగమ్మ కాఫీ ఇచ్చి ఎదురుగా గడప మీద కూర్చుంది. అతను ఆమె మొహం చూడలేకపోయాడు.

"బాలరాజంటే నాకు పాణం, గంగమ్మా."

"తెలుసన్నా." ఆమె గడప మీది దుమ్ము చేత్తో తుడిచింది. "పోయేముందు నిన్ను పిలవమన్యాడు. రెండుమూడు తూర్లు అడిగినాడు. నేనే కబురు చెయ్యలేదు. కడుపుమంట నాకి."

అతనికి కోపం రాలేదు. కాఫీ తాగలేక గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అప్పుడప్పుడు రా అన్నా," అంది గంగమ్మ. అతను చెప్పులేసుకుని బస్సు కోసం నడిచాడు.

బస్సులో కూర్చున్నాక, బాలరాజు తనకోసం అడిగిన ఆ రోజుల్లో తాను ఎవరింటి గోడకు రంగు వేస్తున్నాడో గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు.