మా వదిన రక్తం ఊళ్ళు తిరిగింది

పరిశోధన అన్న మాట చెవిన పడితే చాలు, మా మాణిక్యం వదిన చెంగు నడుముకి దోపి జాకెట్టు చెయ్యి పైకి మడిచేస్తుంది. కొందరికి బంగారం పిచ్చి, కొందరికి సీరియళ్ళ పిచ్చి. మా వదినకి తన ఒంట్లోంచి ఎవరైనా ఏదైనా పట్టుకుపోతే ఆనందం. ఆవిడ రక్తం హైదరాబాదులో ఉంది. ఉమ్ము బెంగుళూరులో ఉంది. కత్తిరించిన గోళ్ళు ఢిల్లీలో ఉన్నాయి. మనిషి మాత్రం ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా వెళ్ళొస్తే కాళ్ళ నొప్పులని వారం మంచం దిగదు.

ఆవిడ గెలిచిన గొడవ ఒకటి నా కళ్ళారా చూశాను. ఏలూరులో ఓ కల్యాణ మండపంలో క్యాన్సర్ పరిశోధన వాళ్ళు క్యాంపు పెట్టారు. ముప్ఫై నుంచి అరవై లోపు ఆడవాళ్ళు కావాలని గుమ్మానికి గుడ్డ కట్టారు. వదినకి అరవై ఏనాడో దాటింది. అయినా బస్సెక్కి, నన్నూ ఎక్కించి, వరసలో నిలబడి, వంతు రాగానే కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది. సూర్యతేజ అని జేబు మీద పేరున్న కుర్ర డాక్టరు ఆవిడ ఆధార్ కార్డు చూశాడు.

"మీకు వయసు దాటిపోయిందండీ, అమ్మమ్మ గారూ."

"ఎప్పుడు దాటింది? దాటుతుంటే నువ్వు చూశావా?"

"కార్డులో ఉందండి."

"కార్డులో ఫొటో కూడా ఉంది. అది నేనేనా, చెప్పు."

ఆ కుర్రాడు కార్డు చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. అబద్ధం ఆడటం ఇంకా నేర్చుకోలేదు పాపం. "సరిగ్గా పోల్చుకోలేకపోతున్నానండి" అన్నాడు.

"మొహమే నాది కానప్పుడు వయసు నాదెలా అవుతుంది బాబూ?"

వెనక వరసలో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అతను లేవమని బతిమాలాడు. ఆవిడ లేవలేదు. "చాచిన చెయ్యి ఊరికే వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు" అని కళ్ళు మూసుకుని కూర్చుంది. వరస ఆగిపోయింది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. చివరికి లోపల్నుంచి పెద్ద డాక్టరమ్మ కేకేసింది. "తీసెయ్యవయ్యా, షుగరన్నా చూసి పంపిద్దాం. ముందు లైను కదలనీ!"

దూది నొక్కుకుంటూ వదిన నా వంక చూసిన చూపు పంచాయితీ ఎలక్షన్లో గెలిచినవాళ్ళు కూడా చూడరు.

అక్కడితో ఊరుకుంటే నేనీ కాగితాలు నింపక్కర్లేదు. సూది దిగిందంటే దాని వెనకాలే పిలుపు ఉంటుంది. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలండీ. కాదంటే నా రక్తం నాకిచ్చెయ్యండి" అంటుంది. తీసిన రక్తం ఎవరిస్తారు? మొహమాటపడి వస్తారు. హైదరాబాదు వాళ్ళకి కొల్లేటి చేపల పులుసంటే ఆ మొహమాటం కూడా తొందరగానే వదులుతుంది.

నేను మాణిక్యానికి సొంత ఆడబిడ్డని. ఆవిడ మా అన్న రాజరత్నం భార్య. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే కుళాయి. పిలవడం ఆవిడ వంతు, ఆ కుళాయి దగ్గర కూర్చుని చేపల పొలుసు గీకడం నా వంతు.

"నా మోకాళ్ళు చూడు వదినా. ఈ పీట మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి."

"పరిశోధన కోసం ఆ మాత్రం చెయ్యలేవా, వరమ్మా?"

"పేరు నీకు, పొలుసు నాకా?"

"అందుకే తల ముక్క నీకు దాచాను" అంటుంది. మళ్ళీ కత్తి అందుకుంటాను. తల ముక్క నాకిష్టం.

ఆవిడకి ఈ పిచ్చి ఎక్కడ తగులుకుందో చెప్పడం కష్టం గానీ, ఆవిడ దిగులు మాత్రం వీధి వీధంతా ఎరుగుదురు. మా పుట్టింటి మగాళ్ళు గుండెతోనే పోయారు. మా నాన్న చేపల చెరువు గట్టు మీద నడుస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మరి లేవలేదు. మా చిన్నాన్న చర్చిలో పాట మధ్యలో పోయాడు. మా అన్న ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మ దింపుతూ పోయాడు. ఒక్కరూ యాభై చూడలేదు. ఇప్పుడు మా అన్న కొడుకు రాజ్ కుమార్ సరిగ్గా ఆ వయసుకి వచ్చాడు. వెంకట్రాజు గారి చేపల లారీ నడుపుతాడు. వాడి కనురెప్పల కొసల పసుపుపచ్చగా చిన్న చిన్న గడ్డలు లేచాయి, సెనగపిండి అంటుకుని ఎండినట్టు. రక్తం పరీక్ష చేయించుకోరా అని వాళ్ళమ్మ బతిమాలని రోజు లేదు.

"చేయిస్తే ఏదో ఒకటి ఉందంటారమ్మా. ఉందన్న మాట తెలిస్తే వెంకట్రాజు గారు లారీ తాళాలు తీసుకుంటారు. అప్పుడు నేనేం చెయ్యను?"

"లారీ ఉండి నువ్వు లేకపోతే నేనేం చెయ్యనురా?"

"అమ్మా, అన్నం పెట్టు."

ఎప్పుడు మొదలుపెట్టినా ఆ మాట అక్కడికొచ్చి ఆగేది. లారీ సంగతి సగం నిజమే. మిగతా సగం సూది. ఆరడుగుల మనిషి, లారీ టైరు ఒంటరిగా మార్చేస్తాడు, సూది కనపడితే గోడకేసి తిరుగుతాడు.

కొడుకు ఇవ్వని రక్తమంతా తల్లి ఇచ్చేది. తాడేపల్లిగూడెంలో గుండె వాళ్ళు వస్తే గూడెం, ఏలూరులో క్యాన్సర్ వాళ్ళు వస్తే ఏలూరు. ఒకసారి వాళ్ళు రక్తం పట్టిన గొట్టాలని థర్మోకోల్ పెట్టెలో సర్దుతుంటే ఆగలేకపోయింది. చేపలు ఐసులో సర్ది కలకత్తా పంపే ఆకివీడు మనిషి కదా, ఐసు పెట్టె కనపడితే సలహా ఇవ్వకుండా ఉండదు.

"ఐసు చితక్కొట్టి పైన కూడా పొయ్యాలి నాయనా. లేకపోతే కలకత్తా చేరేసరికి మెత్తబడిపోతుంది."

"ఇది చేప కాదండీ. చితక్కొట్టిన ఐసు పోస్తే పాడైపోతుందండి."

"పాడైతే మళ్ళీ వస్తాను, తీసుకుందువు గాని" అంది వదిన ఎంతో ఆశగా.

ఆ పరిశోధనల మాటలన్నీ విని విని నా చెవులు అరిగిపోయాయి. ఒక డాక్టరమ్మ అన్నం తింటూ కాఫీ గుండెకి మంచిదేనంది. మరుసటి వారం ఇంకొకాయన మరీ అంత మంచిది కాదన్నాడు. ఇద్దరి మాటా నిలబెట్టాలని వదిన ఆ నెలంతా సగం కప్పు తాగి, సగం నా కప్పులో పోసింది. వేడిగా ఒక్క కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

వచ్చినవాళ్ళని ఎప్పుడూ రాజ్ కుమార్‌కి ఎదురుగా కూర్చోబెట్టేది. వాడి ముందు దీపం పెట్టినట్టు కిటికీ తలుపు బార్లా తీసేది. ఎండ మొహం మీద కొట్టి వాడు విసుక్కునేవాడు. వదినకి మర్యాద తెలియదు అనుకునేదాన్ని నేను. ఒకసారి ఒకతను వచ్చాడు, ఏళ్ళ తరబడి ఎలకలకి క్యాన్సర్ తెప్పించి నయం చేస్తున్నాడట. మంచివాడే. కానీ ఎలకలతో ఉండీ ఉండీ మనుషుల మొహాల్లోకి చూసే అలవాటు పోయినట్టుంది, కంచంలోంచి తల ఎత్తలేదు.

ఇంకోసారి నిరంజన్ అనే పరిశోధన విద్యార్థి వచ్చాడు. పీహెచ్‌డీ చేస్తున్నాడట. అతని పని చేపల మీద. వేలెడంత చారల చేప ఒకటుందట, దాని గుండెలో ముక్క కోసేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ పెరుగుతుందట. మనిషి గుండె ఎందుకు పెరగదో దాన్ని చూసి కనిపెట్టాలని చూస్తున్నారట.

వదిన గరిటె గాల్లోనే ఆపేసింది. "మా కొరమీనుకి పెరుగుతుందా బాబూ?"

"నేనెప్పుడూ చూడలేదండి."

"మేమూ చూళ్ళేదు. మేం కోస్తే గుండెతో ఆగం కదా."

రాజ్ కుమార్ పొలమారేలా నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు. "మనుషులకి ఎప్పటికవుతుంది?" అని అడిగింది. చాలా ఏళ్ళు పడుతుందండీ అన్నాడు నిరంజన్. "అన్నేళ్ళు మాకు లేవు బాబూ" అని అతనికి ఇంకో ముక్క వేసింది.

మొన్న చలికాలంలో కామేశ్వరి అనే గుండె డాక్టరమ్మ గూడెం వచ్చింది. కుటుంబాల్లో దిగే గుండెజబ్బుల మీద పరిశోధన. వదిన వెళ్ళింది, కూర్చుంది, చాచింది, పిలిచింది. ఆదివారం ఆరాధన అవగానే డాక్టరమ్మ మా ఇంట్లో రాజ్ కుమార్‌కి ఎదురుగా కూర్చుంది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద చేతిలో ఆగిపోయింది.

"మీ కళ్ళ దగ్గర ఇవి ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయండీ?"

"ఇవాండీ? దుమ్మండి. లారీ."

"మీ మడమ వెనకాల నరం కూడా లావుగా ఉందా?"

వాడు కాళ్ళు బల్ల కిందకి లాక్కున్నాడు. వదిన కుర్చీ వెనకాల కదలకుండా నిలబడిపోయింది.

డాక్టరమ్మ తేలిక మాటల్లోనే చెప్పింది. రక్తంలో చెడ్డ కొవ్వుని కాలేయం లాగెయ్యాలట. లాగే గాలాలు కొందరికి పుట్టుకతోనే తక్కువట. కొవ్వు గుండె గొట్టాల్లో పేరుకుపోతుందట. తండ్రికి ఈ లోటు ఉంటే పిల్లలకి రావడానికీ రాకపోవడానికీ సమానంగా వీలుందట. "కనిపెడితే రోజూ మాత్రలు వేసుకోవచ్చండీ. అలా వేసుకుంటూ పనులు చేసుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కనిపెట్టకపోతేనే భయం" అంది.

"మా నాన్న పొలాలివ్వలేదు గానీ ఇదిచ్చాడా!" అన్నాను నేను.

"మీ రక్తం ఒక్కసారి చూడనివ్వండి" అంది డాక్టరమ్మ రాజ్ కుమార్‌తో.

వాడు లేచాడు. "లోడింగుందండి. వెంకట్రాజు గారు చూస్తూంటారు." చెయ్యి కడుక్కోకుండానే బయటపడ్డాడు. కాసేపటికి లారీ హారన్ సందు చివర వినపడింది.

వదిన ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చెయ్యి మడిచింది. "వాడి బదులు నాది తియ్యండమ్మా. ఎంత కావాలంటే అంత."

"మీది దీనికి పనికిరాదండీ. ఇది వాళ్ళ నాన్నగారి వైపు నుంచి వచ్చేది. అబ్బాయిదే కావాలి. లేదంటే ముందు ఆ వైపు రక్తసంబంధీకులు ఎవరైనా వస్తే మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్ళకీ ఉండొచ్చండీ, కాస్త ఆలస్యంగా బయటపడుతుంది. సోమవారం కూడా గూడెంలోనే ఉంటాం."

ఇద్దరూ నా వంక చూశారు. నేను గిన్నెలోకి చూశాను. "నా రక్తం నాకే చాలట్లేదండీ" అని వంటింట్లోకి వచ్చేశాను. నాకు భయమేం లేదు. మా వంశంలో ఎవరూ ఊరికే చేతులు చాచరంతే.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాం. ఏలూరులో అంతమందిని ఆపి గెలిచిన మనిషి, తలొంచుకుని అడుగంటిన గిన్నె గోకుతోంది. చూడలేక నేనే కదిపాను.

"పోన్లే వదినా. ఒక్క చోట పనికిరాకపోతే ఏం? ఇంకో పరిశోధన రాదా? నీ సరదా ఎక్కడికీ పోదులే."

"సరదా ఏంటే?" గిన్నె కింద పెట్టింది. "సూదంటే నాకు మాత్రం సరదానా? పొడిచినప్పుడల్లా కళ్ళెందుకు మూసుకుంటాననుకున్నావు? ఊరికే పిలిస్తే డాక్టర్లు మన సందులోకి వస్తారా? చెయ్యి ఇస్తే మొహమాటపడి వస్తారు. వాడి ఎదురుగా కూర్చుంటే ఎవరో ఒకరు ఆ కళ్ళు చూసి ఏదో ఒకటి అనకపోతారా అని. వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళలేకపోయాను. అందుకని ఆస్పత్రినే అన్నానికి పిలిచాను."

నా చేతిలో పీచు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తెరిచిన ఆ కిటికీ, ఆ ఎండ, వాడి విసుగు. పులుసు తిని మొహం చూడకుండా వెళ్ళిపోయిన ఆ ఎలకల మనిషి మీద ఇప్పుడు కోపం వచ్చింది నాకు.

"మరి ఇన్ని చేపల పొలుసు తీశాను, నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు వాడితో అనేస్తావు. నీ నోరు నాకు తెలీదా?"

అదీ నిజమే.

"ఇదిగో వరమ్మా, విను" అంది, తడి చెయ్యి నా మోచేతి మీద వేసి. "నా చెయ్యి చూసీ చూసీ వాడికి అలవాటైపోయింది. అమ్మకదో ఆట అనుకుంటున్నాడు. నువ్వలా కాదు. నువ్వు దేవుడు చెప్పినా వినవని వాడికి తెలుసు. అత్తే కూర్చుందంటే వాడు గుమ్మం బయట నిలబడలేడు. సోమవారం వాడి లారీలోనే గూడెం వెళ్దాం. నాకు కాళ్ళు నొప్పులని చెబుతాను, లోపలిదాకా వాడే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. ఆ కుర్చీలో నువ్వు కూర్చో. నీ తర్వాత పక్క కుర్చీలో వాడు కూర్చునే వరకూ లేవకు. ఎవరేమన్నా లేవకు, ఎలాగో ఏలూరులో చూశావుగా. భయమేస్తే వాడి చెయ్యి గట్టిగా పట్టుకో. కెవ్వుమనాలనిపిస్తే అను, తప్పేం లేదు. కానీ వాడు మళ్ళీ లారీ ఎక్కి పారిపోయేంత గట్టిగా మాత్రం అనకే, నీకు పుణ్యముంటుంది."