సత్తవ్వ కాపలా కాసిన ఎర్ర రాయి

సత్తవ్వ వెంట గుట్ట ఎక్కేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆమె చెప్పే కథ ఏదీ రెండోసారి అలాగే ఉండదు. బీర్పూర్ దాటి అడవిలోకి పోయే దారిలో అత్తబండ అని ఒక పెద్ద బండ ఉంది. మొదటి ఆదివారం మేం పోయినప్పుడు, దూపతో వచ్చిన కోడలికి నీళ్లివ్వని అత్త అక్కడే బండైపోయిందని చెప్పింది. మరుసటి వారం మా గుంపులోని రాజలక్ష్మి గారు తన అత్తగారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆ రోజు అదే బండ, కోడలి మీదికి పులి దూకుతుంటే అడ్డం నిలబడ్డ అత్త అయింది. ఇదేమిటని నేను నిలదీస్తే సత్తవ్వ ఏమాత్రం తడుముకోలేదు.

"అత్త ఎదురుంగ ఉన్నప్పుడు గా ముచ్చట ఎట్ల చెప్తరు సారూ. బండకు లేని బాధ నీకెందుకు?"

నాది జగిత్యాలలో చిన్న ఫొటో స్టూడియో. షుగర్ ఉంది నడవమని డాక్టర్ చెబితే, నాలాంటి వాళ్లు మరో ఆరుగురు దొరికారు. ఆదివారం పూట గుట్టలెక్కడం మొదలుపెట్టి దానికి ట్రెక్కింగ్ అని పేరు పెట్టుకున్నాం. తొలిరోజే దారి తప్పి లోయలో తిరుగుతుంటే, కట్టెల మోపుతో ఎదురైన సత్తవ్వ మమ్మల్ని ఊళ్లోకి చేర్చింది. అప్పటి నుంచి ఆమె ముందు, మేం వెనక. మేం ఎందుకు ఎక్కుతున్నామో మాత్రం ఆమెకు చాలా రోజులు అంతుబట్టలేదు. ఆకు తేరు, కట్టె తేరు, తేనె తేరు. ఒకరోజు ఆగి, జాలిగా అడిగింది.

"ఉత్త చేతులతోని ఎక్కి ఉత్త చేతులతోని దిగుతరు. ఇండ్లల్ల ఏమన్న లొల్లా?"

ఆ లోయలో దారులన్నీ ఆడవాళ్లు నడిచి నడిచి పడ్డవే. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోయడానికి, మిగతా రోజుల్లో కట్టెలకు, సీతాఫలాలకు. సారంగాపూర్ వైపు పుట్టిన సత్తవ్వ పదహారేళ్లకు ఇక్కడికి కోడలిగా వచ్చి, వచ్చిన వారానికే ఆకు మూట నెత్తినెత్తుకుంది. భర్త రాజేశం తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మూడేళ్లు వరుసగా వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి, తాటిచెట్లు కూడా కల్లు పారడం మానేశాయి. ఇంటికొకడు చొప్పున దుబాయ్ దారి పట్టారు. ఆ రోజుల్లో నా స్టూడియో ముందు పాస్‌పోర్టు ఫొటోల కోసం లైను ఉండేది. గడ్డం పైకెత్తు, కదలకు అని ఎందరికి చెప్పానో. వాళ్లలో రాజేశం కూడా ఉండే ఉంటాడు, నాకు గుర్తులేదు. గుర్తులేనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సత్తవ్వ బీడీలు చుడుతూ, ఆకు కోస్తూ అత్తను సాగనంపింది, కూతురు సౌమ్యకు పెళ్లి చేసింది. కష్టం గురించి అడిగితే అదీ కథలాగే చెప్పేది. ఒకసారి ఎలుగుబంటి ఎదురొస్తే తన ఆకు మూట చూపించి, నువ్వు మోస్తవా అంటే అది పారిపోయిందట. మరోసారి ఆ ఎలుగుబంటి మూట మోసింది కూడా.

ఇంత నోరున్న మనిషి ఒక్కచోట మాత్రం ఏమీ చెప్పేది కాదు. గుట్ట మీద రెండు కొండల నడుమ సందును దూపగండి అంటారు. అక్కడ దారి పక్కన నడుమెత్తున ఒక రాళ్ల కుప్ప ఉంది. అది రాగానే సత్తవ్వ నోరు ఆగిపోయేది. కొంగు సర్దుకుని, కుప్ప దగ్గర కాసేపు నిలబడి, పెదవులు కదిపి ముందుకు పోయేది. కథ లేదు కాబట్టి ఆ కుప్పకు విలువ లేదని నేననుకున్నాను. నా తెలివి అంతవరకే.

దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం సత్తవ్వ, రాజలక్ష్మి గారు సీతాఫలాలు తెంపుతూ వెనకబడ్డారు. నేను ముందుగా దూపగండి చేరాను. ఈమధ్య ఫోన్లలో ఒక ఫొటో బాగా తిరుగుతోంది, రాయి మీద రాయి నిలబెట్టి వెనక సూర్యుణ్ణి పెట్టి తీసేది. ఫొటోగ్రాఫర్‌ని కదా, చెయ్యి ఊరుకోలేదు. కుప్పలోంచి నున్నటివి ఏరి ఆరు రాళ్లు నిలబెట్టాను. అన్నిటికన్నా పైన, నడుమ తెల్లటి గీత ఉన్న ఎర్ర రాయి పెట్టాను. అందంగా కుదిరింది. ఫ్రేములో కొండ కూడా పడాలని ఒక్కడుగు వెనక్కి వేస్తే నా సంచి పట్టీ తగిలి మొత్తం కూలింది. ఎర్ర రాయి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. తల తిప్పితే సత్తవ్వ నిలబడి ఉంది.

ఆమె ఉన్నచోటే కూలబడి, చేతిలోని సీతాఫలాన్ని పక్కన పెట్టింది.

"గది మా ఆయన రాయి సారూ," అంది.

అప్పుడు చెప్పింది. పరాయి దేశం పోయేవాడు బయలుదేరే రోజు పొద్దున్నే ఒంటరిగా దూపగండి ఎక్కి ఒక రాయి పెట్టాలి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఎవరూ చూడకూడదు. దిగొచ్చి, అది ఎట్లాంటి రాయో ఇంట్లో ఒక్క మనిషికి చెప్పి పోవాలి. తిరిగొచ్చాక తన రాయి తనే తీసి లోయలోకి విసరాలి. అప్పుడే వచ్చినట్టు. అంతవరకు ఆ రాయిని ఇంకెవరూ ముట్టకూడదు. ముడితే, వచ్చే మనిషి దారిలో ఆగిపోతాడు. కుప్పలో ఉన్న రాళ్లన్నీ ఇంకా రానివాళ్లవే.

"ఎర్రటి రాయి, నడుమ తెల్ల గీత అని చెప్పిపోయిండు. పద్నాలుగేండ్ల సంది చూస్తున్న. బేస్తారం నాడు ఫోన్ అచ్చింది. కాయిదాలు లేకుంట దాక్కొని బతికెటోళ్లకు అక్కడి సర్కారు మాఫీ ఇచ్చిందట. పన్నెండు దినాలల్ల అస్తడట." ఆమె లోయలోకి చూసింది. "గిన్నేండ్లు ఉన్న రాయి, పన్నెండు దినాలు ఉండకపాయె."

ఏడుగురం లోయలోకి దిగాం. పేరుకు ట్రెక్కింగ్ గుంపే గానీ, అంతవరకు మేం నిజంగా ట్రెక్కింగ్ చేసింది లేదు. తడి గడ్డిలో పాకాం, ముళ్లపొదల్లో దూరాం. ఎర్రగా కనిపించిన ప్రతిదీ తెచ్చి సత్తవ్వకు చూపించాం. రిటైర్డ్ హెడ్‌మాస్టర్ దేవదాస్ గారు చెమటలు కక్కుతూ పెద్ద బండను ఎత్తుకొచ్చారు.

"గంత రాయి మోసేటోడైతే మా ఆయన దుబాయ్ ఎందుకు పోతడు సారూ?" అంది సత్తవ్వ. ఏడుపు మధ్యలో కూడా ఆమె నోరు ఆగదు.

మధ్యాహ్నానికి కింద మేకలు కాస్తున్న యోహాను మా హడావుడి చూసి వచ్చాడు. ఇతని గురించి కొంచెం చెప్పాలి. రాజేశం పోయిన రోజే, అదే జీపులో యోహాను కూడా పోయాడు. మూడేళ్లకు తిరిగొచ్చి దూపగండి ఎక్కి, నా రాయి ఇదేనని ఆ ఎర్ర రాయి మీదే చెయ్యి వేయబోయాడు. సత్తవ్వ కొడవలి పట్టుకుని అడ్డం నిలబడింది. యోహాను తన రాయి గుర్తు చెప్పిపోయింది తల్లికి. అతను పోయిన మరుసటేడే ఆమె చనిపోయింది, సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. ఎడారి ఎండకు వీడి తల తిరిగిందని ఊరు తీర్పు చెప్పింది. రాయి తీయలేదు కాబట్టి యోహాను ఇంకా రానట్టేనని నవ్వులాట మొదలైంది. పదకొండేళ్లయినా ఆ నవ్వులాట ఆగలేదు. పెళ్లి పిలుపులు పంచేటప్పుడు, వాడు దుబాయ్‌లో ఉన్నాడు కదా అని అతని ఇల్లు దాటిపోయేవారు. మొదట్లో అతనూ నవ్వేవాడు. తర్వాత మేకలు కొనుక్కుని పొద్దంతా లోయలోనే ఉండసాగాడు.

విషయం విని యోహాను వాలు వైపు ఒకసారి చూశాడు. నేరుగా ఒక మోదుగ చెట్టు మొదట్లోకి పోయి, పెట్టినచోట తీసినట్టు ఎర్ర రాయిని తీశాడు. తువ్వాలతో దాని మీది మట్టి తుడిచాడు. తుడవడం అయ్యాక కూడా కొంతసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"పైన పెట్టొస్త తీ, సత్తక్కా," అన్నాడు. "రాజేశమన్న అచ్చినంక ఇసిరేస్తడు."

అతనే ఎక్కి కుప్ప మీద పెట్టాడు. సత్తవ్వ అతనికి దండం పెట్టింది. నేను ఆ పన్నెండు రోజులూ స్టూడియోలో కూర్చుని వచ్చే విమానాలన్నిటికీ దండాలు పెట్టాను.

రాజేశం వచ్చాడు. సగం తల నెరిసి, చెంపలు లోపలికి పోయి, కాళ్లకు తెల్లటి బూట్లతో వచ్చాడు. ఆ ఆదివారం రాయి తీసే రోజని సత్తవ్వ మమ్మల్ని కూడా రమ్మంది. దారి పొడుగునా ఆయనకు ప్రతి బండ కథా చెప్పింది. తాను పోయినప్పుడు అత్తబండకు ఆ పేరే లేదని ఆయన గొణిగాడు. నువ్వు లేనప్పుడు పెట్టినం అంది ఆమె. ఆమె అంత సంతోషంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

దూపగండి దగ్గర మేమంతా కుప్పకు వీపు తిప్పి నిలబడ్డాం. రాయి లోయలో పడ్డ చప్పుడు కోసం ఎదురుచూశాం. ఎంతసేపైనా చప్పుడు లేదు.

"సత్తీ," అని పిలిచాడు రాజేశం. "నేను రాయి పెట్టలేదే."

సత్తవ్వ తిరిగి చూసింది.

"ఆ దినం గీడిదాంక అచ్చిన. చేతిల రాయి పట్టుకున్న. కుప్ప చూసిన. గిందరు ఇంక రాలేదా అనిపిచ్చింది. పెడితె పోయినట్టే అయితది, పెట్టకుంటె పోనట్టే గదా అనుకున్న. చేతిల రాయి పారేసి దిగిన." ఆయన తన తెల్ల బూట్ల వంకే చూస్తున్నాడు. "ఏ రాయి అని నువ్వు అడిగితివి. నాకంటె ముందు ఎవలో కొత్తగ పెట్టి పోయిన రాయి పైనే ఉండె. నోటికి అదే అచ్చింది."

ఆ పొద్దున ఆయనకంటే ముందు గుట్టెక్కింది ఎవరో మాలో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పోయిన జీపు ఒక్కటే.

"మేక సస్తె ఆ రాయికే చెప్పిన," అంది సత్తవ్వ. "మీ అవ్వ పోయిన దినం దాని ముంగటనే ఏడ్సిన. సౌమ్య పెండ్లికి దాని ముంగట పసుపు పెట్టి పిలిచిన. నీ మీద కోపమస్తె దాన్నే తిట్టిన, తిట్టి మళ్ల బుజ్జగిచ్చిన." రాజేశం తల ఎత్తలేదు. ఆయన్ను కొడుతుందేమోనని దేవదాస్ గారు ఒకడుగు ముందుకు వేశారు. సత్తవ్వ ఆయన వైపు చూడనే లేదు. గండి అంచుకు పోయి, రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకుని లోయ అదిరేలా పిలిచింది.

"యోహానూ, ఓ తమ్మీ, పైకి రా."

యోహాను మేకలతో సహా వచ్చాడు. సత్తవ్వ కుప్ప వైపు చూపించింది.

"నీ రాయి తీస్కో తమ్మీ. నీదే. నేనే కొడవలి పట్టుకొని నిన్ను రానియ్యలే."

యోహాను రాజేశాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"అయితె సత్తక్కా, పద్నాలుగేండ్ల సంది నీ ఇంటి ముచ్చట్లన్నీ యిన్నది నా రాయా?"

"ఇన్నదానికి ఊకో. ఎవలికి చెప్పకు," అందామె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

మేం మళ్లీ వీపులు తిప్పాం. ఈసారి చప్పుడు వినబడింది. బండకు తగిలి, ఇంకో బండకు తగిలి, లోయ అడుగుదాకా పోయింది. యోహాను అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. రాజేశం పోయి పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేశాడు.

ఊళ్లోకి దిగేసరికి ఇంకా చీకటి పడలేదు. టీ హోటల్ ముందు ఆగయ్య కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లుగా రోజూ అడిగే మాటే మళ్లీ అడిగాడు.

"ఏం యోహానూ, దుబాయ్ నుంచి ఎప్పుడస్తవ్?"

"ఇయ్యాల్నే అచ్చిన," అన్నాడు యోహాను.

ఆగయ్య నవ్వబోయి సత్తవ్వ మొహం చూసి ఆగాడు. ఆమె దారిలో ఏరుకొచ్చిన కట్టెల మోపును నెత్తి మీది నుంచి దించి కింద పెట్టింది.

"అవును, ఇయ్యాల్నే అచ్చిండు. గిన్నేండ్లు ఆపింది నేనే," అంది.

అక్కడి నుంచి యోహాను ఇంటిదాకా, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ ప్రతి గడప ముందూ ఆగి అదే చెప్పింది. మేం ఆమె వెనకే నడిచాం. ఎక్కడా ఒక్క మాట కూడా మార్చలేదు.