మా ఆయన ప్రసంగం దగ్గర ఆగిపోయిన వీడియో

అక్షరాలు నేర్చుకున్నాక నేను మొదట చదివినవి ఫ్లెక్సీలు. నలభై ఐదు దాటాక చదువు మొదలుపెట్టినదాన్ని, పుస్తకంలో అక్షరాలు కళ్లకు ఆనేవి కావు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీల మీద మాత్రం ఒక్కో అక్షరం బిందె అంత ఉండేది. బస్సు కోసం నిలబడి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. అన్నీ మగవాళ్ల పేర్లే. ఇంత కష్టపడి నేర్చుకున్నది వీళ్ల పేర్లు చదవడానికా అని ఒళ్లు మండేది. వాటిలో ఒకదాని కింది వరుసలో, గోరంత ఫోటోలో, మా ఆయన కూడా ఉండేవాడు.

అల్మాస్‌గూడలో మా పొలం ప్లాట్లయ్యాక ఆయనకు చేయడానికి పని లేకుండా పోయింది. మా దగ్గర పని లేని మగవాడు తెల్లచొక్కా తొడిగి రెండు ఫోన్లు పట్టుకుంటే చాలు, లీడరవుతాడు. ఆయనా అయ్యాడు.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఎల్బీ నగర్‌లో నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పొద్దున్నే వెళ్లి రాళ్లు తెచ్చి పొయ్యిలు పెట్టింది ఆడవాళ్లం. బగారన్నం వండింది, పొగకు కళ్లు మండుతున్నా కూర్చున్నది కూడా మేమే. మగవాళ్లు మధ్యాహ్నానికి వచ్చి, ముందు తిని, తర్వాత మైకు అందుకున్నారు. తెలంగాణ రావాలని వాళ్లకంటే నాకే ఎక్కువ ఉండేది. కానీ ఆ మైకు వినలేక పక్కకు పోయి గిన్నెలు కడుక్కున్నాను.

మా బిడ్డ అదంతా వీడియో తీసింది. డిగ్రీ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఎడిటింగ్ నేర్చుకుంది. అప్పుడు రోజుకో న్యూస్ ఛానెల్ పుడుతుండేది. అలాంటి ఒక కొత్త ఛానెల్ వాళ్లు, సోమవారం నాటికి సొంతంగా చేసిన పది నిమిషాల వీడియో తెస్తే, చూసి ఉద్యోగం ఇస్తామన్నారు. ఉద్యోగం రాకపోతే, లీడరయ్యాక పేరుకు తెరిచిన తన ప్లాట్ల ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి కూర్చోబెడతానని మా ఆయన ముందే చెప్పేశాడు. ఆ ఆఫీసు పేరు ఎత్తితేనే పిల్ల ముఖం మాడిపోయేది.

వీడియోలో ఒక ముసలమ్మ ఉంది. బందోబస్తుకొచ్చిన పోలీసు చేతికి గంటె ఇచ్చి, "జర కలుపు కొడుకా, చేతులు ఖాళీగనే ఉన్నయి గదా" అంటుంది. అతను నిజంగానే కలుపుతాడు. అది చూసి ఉద్యోగం ఇవ్వనివాళ్లకు కళ్లు లేవనుకున్నాను.

మా ఆయనకు అది కనపడలేదు. "నా స్పీచ్ ఏది?" అన్నాడు.

"గది వేరే చేస్త నాయినా. ఇది వంట చేసినోళ్ల గురించి."

"కంప్యూటర్ ఎవనిది? కరెంటు బిల్లు ఎవడు కడ్తున్నడు? నా స్పీచ్ లేకుంటే వీడియో ఎట్లయితది?"

ఫ్లెక్సీ షాపు నుంచి పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చాడు. తను మాట్లాడుతుంటే చుట్టూ పార్టీలో పెద్ద అన్న, చిన్న అన్న, వాళ్ల తమ్ముళ్లు, ఇంకా ఎవరెవరివో ఫోటోలు తిరగాలట. ఒక్క ముఖం తగ్గినా గొడవలైపోతాయట. పిల్ల అన్నీ పెట్టింది.

ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తయారు చేయడాన్ని రెండరింగ్ అంటారు. అది హెచ్‌డీ వీడియో, మాది విడిభాగాలు కొని బిగించిన పాత కంప్యూటర్. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి చీమలా పాకుతుంది. గంటలు పడుతుంది. సగం దాటాక గీత ఆగింది, తెర తెల్లబడింది, అంతా మూసుకుపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. శనివారం అలాగే పోయింది.

మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కరెంటు. ఇంకేంది? బొగ్గు మనది, కరెంటు ఆంధ్రోళ్లది. గిది గూడ కుట్రనే."

"కరెంటు పోలేదు నాయినా. ఫ్యాన్ తిరుగుతనే ఉంది, చూడు."

ఆయన ఫ్యాన్ వైపు కాసేపు చూశాడు. "ఓల్టేజీ" అన్నాడు.

ఆదివారం పొద్దున మా మరిది వచ్చాడు. "ఏడ కొన్నవన్నా? గా విజయవాడాయన దుకాణంలనా? గందుకే" అని తేల్చేశాడు. డబ్బా మూత ఊడదీసి, లోపలి మెమరీ ముక్కను పీకి, రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాడు. "ఇగ సూడు వదినె, రాకెట్ లెక్క ఉరుకుతది."

అదే చోట ఆగింది.

"ఏమయ్యా, రాకెట్ ఏడిదాకా పోయింది?" అన్నాను. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

పైన కిరాయికుండే సారును పిలిచారు. గోదావరి జిల్లా ఆయన, చైతన్యపురిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి, మేము పట్టుకుని కొడతామన్నట్టు, చప్పుడు కాకుండా మెట్లు దిగేవాడు.

"వైరస్సండీ ఓనరు గారూ. అనుమానమే లేదు. ఫార్మాట్ కొట్టేద్దామండీ, శుభ్రంగా ఉంటుంది."

"ఫార్మాట్ అంటే ఏంది సారూ?" అన్నాను.

"మొత్తం చెరిపేయడమండి, అమ్మగారూ."

"మరి వీడియో?"

"అదీ పోద్దండి."

ఈయన దగ్గర పిల్లలు ఫీజులు కట్టి నేర్చుకుంటున్నారు! మా బిడ్డ కంప్యూటర్ ముందుకు వచ్చి నిలబడింది, ముట్టుకోనివ్వలేదు. ఆయన నొచ్చుకుని, "ఆడపిల్లలు తెలీక ఏదో నొక్కేసుంటారండి" అన్నాడు.

"నేను గూడ అదే అంటున్న సారూ" అన్నాడు మా ఆయన.

ఆంధ్ర, తెలంగాణ ఒక్క మాట మీద నిలబడటం ఆ ఏడాది నేను చూసింది అదొక్కసారే.

వాళ్లు వాకిట్లోకి పోయి రాజకీయం మొదలుపెట్టాక పిల్ల ఊపిరి పీల్చుకుంది. డబ్బా మూత తీసే ఉంచి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి నడిపింది. అదే చోట ఆగింది. "వేడి కాదమ్మా. వేడైతే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతది. ఇది మాటిమాటికీ ఒక్కదగ్గరనే ఆగుతున్నది" అంది. వీడియోను రెండు సగాలు చేసింది. మొదటి సగం చివరిదాకా నడిచింది. రెండో సగం ఆగింది. ఆ సగాన్ని మళ్లీ కోసింది. అలా కోసుకుంటూ పోతే, చివరికి మిగిలింది మా ఆయన ప్రసంగం. ఉత్త ప్రసంగం బాగానే నడిచింది. ఫోటోలు పెడితే పడిపోయింది.

ఒక్కో ఫోటో రోడ్డు మీద మేడంత ఫ్లెక్సీ కొట్టడానికి చేసినదట. అన్ని తలకాయలను ఒకేసారి తెరవాలంటే మా కంప్యూటర్‌కు ఉన్న మెమరీ చాలదట.

మా ఆయనను లోపలికి పిలిచి చెప్పింది. "ఫోటోల ఫైళ్లు చిన్నగ చేస్త నాయినా. టీవీల ఏం తేడా కనిపియ్యది."

"హెచ్‌డీ, హెచ్‌డీ అని రెండు నెలల సంది నా తల తిన్నవ్. ఇప్పుడు తగ్గిస్తనంటవేంది? రేపు అన్న ముఖం మసకగ వస్తే నాకేం ఇజ్జత్ ఉంటది? ఏం ముట్టకు. వేరే కంప్యూటర్ చూస్త" అని చెప్పులేసుకుని మీటింగుకు పోయాడు. వేరే కంప్యూటర్ ఎక్కడ చూస్తాడో, ఎప్పుడు చూస్తాడో ఆయనకే తెలియదు. తెల్లవారితే సోమవారం అన్న సంగతి కూడా ఆయనకు పట్టలేదు.

పిల్ల కుర్చీ ముందుకు జరుపుకుని, "చెప్పకుండ చిన్నగ చేసి పెడ్త. ఆయనకేం తెలుస్తది" అంది.

అది నిజమే. కానీ నాకు మనసొప్పలేదు. "ఛానెలోళ్లు చూసేది ఎవరి పని?" అన్నాను.

"నాదే."

"గా తలకాయలు తిరుగుడు నీ పనేనా?"

"కాదు. నాయిన కోసం."

"అయితే తీసెయ్."

"అమ్మా! స్పీచ్ మొత్తమా? తెలిస్తే ఊరుకుంటడా?"

"నేను తియ్యమన్న అని చెప్పు. నీకు చాతగాకుంటే ఏది నొక్కాల్నో చూపియ్, నేనే నొక్కుత."

ప్రసంగం, ఫోటోలు అన్నీ తీసేసింది. మళ్లీ రెండరింగ్ పెట్టింది. చీకటి పడకముందే గీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. ఇద్దరం మొత్తం చూశాం. ముసలమ్మ గంటె ఇస్తుంటే పిల్ల నవ్వింది, రెండు రోజుల తర్వాత. ఆ తర్వాత, నేను వద్దంటున్నా, ఫోటోల ఫైళ్లు చిన్నవి చేసి వాళ్ల నాయిన ప్రసంగాన్ని వేరే డీవీడీలో వేసింది.

మా ఆయన వచ్చి ఆ డీవీడీ పెట్టుకుని మూడుసార్లు చూశాడు. అన్న ముఖం ఎంత క్లియర్‌గా ఉందో అని మురిసిపోయాడు. ఫోటోలు లెక్కపెట్టుకున్నాడు. మిగతా వీడియో ఏమైందని అడగలేదు. వంట చేసినవాళ్లు ఏమయ్యారని అడగలేదు. వాళ్లలో పెళ్లాం ఉందన్నది ఆయనకు గుర్తుంటే కదా.

ఛానెల్ వాళ్లు పిల్లను తీసుకున్నారు. మొదటి రోజు పిల్ల ఉద్యోగానికి పోతుంటే మా ఆయన గల్లీలో నలుగురిని నిలబెట్టి చెబుతున్నాడు: "నా స్పీచ్ చూసిన్రు. చూసినంక కాదంటరా? పిలిచి మరీ ఇచ్చిన్రు."

పైన సారు మెట్ల మీద నుంచి, "మరేనండీ, మీ పలుకుబడి అలాంటిదండీ" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. చెప్పాలా అన్నట్టు కనుబొమలు ఎత్తింది. ఆ మనిషికి నిజం చెప్పి, దాని మీద మళ్లీ ఆయన ప్రసంగం వినే ఓపిక నాకు లేదు.

"ఆటో ఆగింది. ఎక్కు" అన్నాను.