ఎలుగులా పాకిన తమ్ముడు

భూపాలపల్లి అడవిలో జంతువుల కదలికలు తెలుసుకోవడానికి చెట్లకు కెమెరాలు కట్టే పనిలో కొంతకాలం ఉన్నాను. ఎదుట ఏదైనా కదిలితే చాలు, వాటంతటవే ఫోటో తీసుకునే కెమెరాలవి. మాది జనగామ. నాకు తోడుగా వచ్చే అతనిది మరిపెడ దగ్గరి తండా. నాకన్నా చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు.

కెమెరా కట్టాక ఎత్తు కుదిరిందో లేదో చూడాలి. నడిస్తే లాభం లేదు, జంతువు ఎత్తులో పాకాలి. అతను చేతులూ మోకాళ్లూ నేలకానించి, ఎలుగుబంటిలా గుర్రుమంటూ పాకేవాడు. నాకు నవ్వాగేది కాదు.

"నవ్వకక్కా, ఎలుగు ఇజ్జత్ పోతది," అనేవాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున నేను వాగు అవతలికి వెళితే, ఇవతలి కెమెరాకు అతనే బ్యాటరీలూ ఫోటోల కార్డూ మార్చాడు. తిరిగి వస్తూ మక్కచేనుకు అడ్డంపడి నడిచాడు. అడవిపందుల కోసం ఎవరో పెట్టిన కరెంటు తీగ తెల్లారినా తియ్యలేదు. నేను వెళ్లేసరికి అతన్ని గట్టు మీద పడుకోబెట్టారు.

ఆ కెమెరా దగ్గరికి వెళ్లడానికి చాలా రోజులు మనసొప్పలేదు. చివరికి విప్పుకొచ్చి, లాప్‌టాప్ పట్టుకుని తండాకు పోయాను. అతని భార్య పక్కన కూర్చుని చూపించాను. మొదటి ఫోటోలో అతను నేల మీద పాకుతూ, నన్ను నవ్వించడానికే కాబోలు, నాలుక బయటపెట్టాడు.

"గిట్ల పాకుడేంది?" అందామె. చెప్పాను.

"ఇంట్ల ఎన్నడు చెప్పలే. మోకాళ్లు నొస్తున్నయంటె నడిచి నడిచి అనుకున్న." తెర మీద అతని జుట్టు దగ్గర వేలు పెట్టింది. "తర్వాతది జూపియ్యక్కా."

తర్వాతి దాంట్లో లేచి ప్యాంటు దులుపుకుంటున్నాడు. ఆ తర్వాత అతని వీపు. ఆ తర్వాత ఒక దుప్పి.

"ఇంక జరుపు."

పందులు, కొండముచ్చులు, వాన, మళ్లీ దుప్పులు. ఫోటో మారినప్పుడల్లా ఆమె కొంచెం ముందుకు వంగేది. అతను ఇక రాడని ఇద్దరికీ తెలుసు. అయినా ఆపలేకపోయాను. ఆఖరి ఫోటోలో కెమెరా విప్పుతున్న నా ముఖం.

"ఐపోయినయా?"

"ఐపోయినయి."

ఆమె తెరకేసి తమ తండా భాషలో ఏదో మెల్లగా అంది. నాకర్థం కాలేదు, అడగనూ లేకపోయాను. కొంగుతో ముఖం తుడుచుకుని తన ఫోన్ నా చేతికిచ్చింది.

"ఆ నాలుక బయటపెట్టింది దీంట్ల ఎయ్యి."