బోడకాకర పిందెల దొంగ

మా చిన్నప్పుడు తొలకరి పడి అడవి అంచు పచ్చబడిందంటే చాలు, మా నాయనమ్మ చూపంతా బోడకాకర తీగల మీదే... రాజురా తాలూకాలో మా చేను అడవికి ఆనుకుని ఉండేది. ఒడ్డుకు, అంటే చేను గట్టుకు, అటువైపు చేను సోనాబాయిది. మరాఠీ ఆమె. మధ్యలో ముళ్లకంప మీద ఎవరూ నాటకుండానే పాకే ఆ తీగలు ఇద్దరివీ.

మధ్యాహ్నం ఇద్దరూ ఒడ్డు మీద కూర్చుని కలిసి తినేవాళ్లు. మా జొన్నరొట్టె, ఆమె పచ్చిమిర్చి దంచి చేసిన ఠేచా... మనుషులను నమ్మడం మా నాయనమ్మ వల్ల అయ్యే పని కాదు. ఊరు మొత్తంలో నమ్మింది ఒక్క సోనాబాయినే.

రాష్ట్రాలను విడదీసి కలుపుతున్న రోజులవి. మా తాలూకాను ఆదిలాబాద్ నుంచి తీసి ముందు మరాఠీ వైపున ఉన్న నాందేడులో, తర్వాత చాందాలో కలిపారు. చేలు ఎవరికి పోతాయో, అడవి ఎవరిదవుతుందో అని ఊరంతా గుసగుసలు. తెలుగువాళ్లు కనిపిస్తే మరాఠీవాళ్లు, మరాఠీవాళ్లు కనిపిస్తే తెలుగువాళ్లు మాట ఆపేసేవారు.

ఆ ఏడు వాళ్లిద్దరూ కలిసి కంప బాగుచేశారు. పువ్వు కింద చిన్న ముళ్ల పిందె ఉన్న తీగలను ఉంచారు. ఒట్టి పువ్వులే పూసే వాటిని గొడ్డు తీగలని గడ్డతో సహా తవ్వి పారేశారు. కాసే తీగలకు చోటు దొరుకుతుందని వాళ్ల ఆశ. నవ్వుకుంటూ తవ్వారు, నాకు బాగా గుర్తు.

మిగిలిన తీగలు విరగబూశాయి. కాయ మాత్రం లేదు... ఇవాళ కనిపించిన పిందె నాలుగు రోజులకు ఉండేది కాదు. పండుబారి గడ్డిలో రాలి చీమల పాలవుతోందని అప్పుడెవరికి తెలుసు?

నాయనమ్మకు సోనాబాయి మీద అనుమానం పట్టుకుంది.

"రాజ్యం ఆళ్లదైంది గద, దానికి ధైర్యమొచ్చింది. పిందెలే తెంపుకపోతుంది" అంది మా నాన్నతో.

సందెవేళ నన్ను వెంటబెట్టుకుని కంప చాటున కాపు కాసింది. అప్పుడే విచ్చుకున్న పసుపు పువ్వుల మీద రెక్కల పురుగులు ఒకదాని నుంచి ఇంకోదానికి తిరుగుతున్నాయి. "పిందెను తొలిచేది గివేనేమో" అని వాటినీ అనుమానించి వేపాకు పొగ పెట్టింది. చూస్తే అటువైపు కూడా పొగ... సోనాబాయి కూడా కాపలాకే వచ్చింది.

"ఏం అక్కా, నాకోసం ఒక్క కాటవల్ గూడ ఉంచవా?" అంది సోనాబాయి. బోడకాకరను ఆమె అలాగే అనేది.

"తినేది నువ్వు, అడిగేది నన్ను. మంచిగున్నది" అంది నాయనమ్మ.

అంతే, మాటలు తెగిపోయాయి. మర్నాటి నుంచి ఎవరి చేనులో వాళ్లు, ఒకరికొకరు వీపు తిప్పి తిన్నారు. ఆమె ఎదురొస్తే నేను కూడా ఆమె ఒడి వైపే అనుమానంగా చూసేదాన్ని.

కొన్నేళ్లకు సోనాబాయి చనిపోయింది. ఊరంతా వెళ్లింది. నాయనమ్మ గడప దాటలేదు, ఆ పూట అన్నమూ ముట్టలేదు. "అడిగితే ఇయ్యకపోదునా... నాకు చెప్పక తెంపుకపాయె" అని గొణిగింది. అప్పటికీ అదే అనుమానం.

నాయనమ్మ కూడా పోయాక, చాలా ఏళ్లకు, ఒకప్పటి చాందా అయిన చంద్రపూర్‌లో మా పెరట్లో బోడకాకర గడ్డలు పెట్టాను. పూత బ్రహ్మాండం, కాయ సున్నా. ముందు పక్కింటి పిల్లలనే అనుమానించాను, బుద్ధి ఎక్కడికి పోతుంది... చివరికి ఒక వ్యవసాయాధికారి చూసి చెప్పాడు. "ఇవన్నీ ఆడ తీగలే అమ్మా. ఒట్టి పువ్వులే పూసేది మగ తీగ. దాని పుప్పొడి పురుగులు మోసుకొస్తేనే ఇవి కాస్తాయి. అది లేకపోతే ఎన్ని పురుగులు వచ్చినా ఏం లాభం?"

గొడ్డువని వాళ్లిద్దరూ నవ్వుకుంటూ తవ్వి పారేసినవి ఆ మగ తీగలే. దొంగ ఎవరూ లేరు. ఎంత ఏడుపొచ్చిందో... ఈ మాట చెబుదామంటే ఇద్దరిలో ఒక్కరూ లేరు.

ఇప్పుడు ఆ అడవి అంచున సున్నపురాయి గని ఉంది. బోడకాకర బజారు నుంచి సంచిలో వస్తుంది, దాని కోసం ఎవరూ ఎవరినీ అనుమానించనక్కర్లేదు. ఒడ్డు మీద కలిసి తినేవాళ్లూ లేరు...

మీ ఇళ్లలోనూ ఇలా మాటలు తెగిపోయినవాళ్లు ఉన్నారా? అసలు ఏం జరిగిందో ఎవరైనా ఒక్కసారి అడిగారా?