కడియాల్లో వలిసె నూనె

విల్లు పట్టడంలో మా మేనత్త కొడుకు నా దరిదాపుల్లోకి వచ్చేవాడు కాదు. అయినా మా అడవి మీద అధికారిగా ఉన్న దొర దుర్భిణి బిగించిన తుపాకీ తెచ్చి వాడి చేతిలోనే పెట్టాడు. చైత్ర పండగ వేటలో దాంతో కణితి దుప్పిని పడగొడితే తన దగ్గర వేటగాడి ఉద్యోగం ఇస్తానన్నాడు. నా కడుపు మండిపోయింది. ముసలితనంలో నేర్చిన అక్షరాలతో రాస్తున్నాను, ఇంక దాచేదేముంది?

వాడు పనిచేస్తుంటే రెండు రోజులు పక్కన కూర్చుని చూశాను. దుర్భిణిని పట్టుకునే రెండు కడియాలనూ లోపల పొడిగుడ్డతో తుడిచి, మరలన్నీ కొంచెం కొంచెంగా బిగించాడు. తుపాకీని ఇసుక మూటల మీద కదలకుండా పెట్టి, వెనక గడియ తీసి, గొట్టంలోంచి లోయ అవతలి బండ మీది సున్నపు చుక్కను చూశాడు. దుర్భిణిలోని గీతలు కూడా ఆ చుక్క మీదే కలిసేదాకా మర తిప్పాడు. మూడు తూటాలు పేలిస్తే మూడూ సున్నంలోనే.

"ఏటి బావా, అలా సూత్తన్నావు? నువ్వూ ఓపాలి కన్నెట్టు."

"నా కంటికి గాజుముక్క అక్కర్నేదు."

వాడు నవ్వాడు. "పండక్కి ఆయుధాలకి నూనె రాసీది మీ ఇంటోళ్లే కదా. గొట్టానికి రాయి. కడియాల్లోకి దిగనీకు, దుర్భిణి జారిపోద్ది."

పండగ ముందునాడు ఆయుధాలన్నీ అమ్మవారి రాయి ముందు పెట్టాం. నేను వలిసె నూనె వెచ్చబెట్టి కడియాల అతుకుల్లోనే పోశాను.

మర్నాడు బయల్దేరేముందు ఆచారం ప్రకారం వాడు అమ్మవారికని ఒక తూటా గాలిలోకి పేల్చాడు. ఆ అదురుకే దుర్భిణి కదిలిపోయింది. కణితి ఎదురుగా నిలబడితే తూటా పక్కనున్న చెట్టుకు తగిలింది.

వట్టి చేతులతో వచ్చిన మగాళ్లందరి మీదా ఆడాళ్లు పండగ రివాజు ప్రకారం పేడనీళ్లు కుమ్మరించారు. నా మీద పడ్డవి నాకు చల్లగా ఉన్నాయి. వాడు కడియానికి వేలు రాసి వాసన చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏమైంది?" అన్నాడు దొర.

"నా సెయ్యి ఒణికింది, దొరా."

విలుకాడిగా నాకున్న పేరు విని దొర ఆ తుపాకీ నా చేతికిచ్చాడు, ఉద్యోగం నాకొచ్చింది. రెండు రోజులు తంటాలు పడ్డా గీతలు చుక్క మీదికి రాలేదు. మూడోనాడు వాడే వచ్చి, కడియాలు విప్పి నూనె తుడిచి, మళ్లీ మొదట్నుంచీ బిగించాడు.

"బేగి సూసుకో. దొరొచ్చే ఏళయింది," అని వెళ్లిపోయాడు.

నాలుగు తిట్లు తిట్టుంటే నా కుళ్లు అక్కడితో పోయేదేమో. ఆ తుపాకీ మోసినన్నాళ్లూ, తిట్టకుండా పోయినందుకు కూడా వాణ్ణి చూసి కుళ్లుకున్నాను.