జట్కాలో ముందు కూర్చున్నావిడ

దయ్యాలంటే నాకు నవ్వు. విజయనగరంలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పేవాణ్ణి. వాళ్ల భయాలు వదిలించడం కూడా నా పనే అనుకునేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట పెట్టలేదు.

అరవై ఎనిమిది వేసవి. మిట్టమధ్యాహ్నం మా ఆవిడకి నెల ముందే నొప్పులొచ్చాయి. రక్తం ఆగడం లేదు. రిక్షాలో పడుకోబెట్టే వీల్లేదు. వీధి చివర ఒకే ఒక్క జట్కా దొరికింది. వెనకాల గడ్డి మీద పడుకోబెట్టాం. తల ఒళ్లో పెట్టుకుని మా అత్తగారు కూర్చుంది. అత్తగారు భారీ మనిషి, ఆవిడ కూర్చుంటే మా ఇంట్లో మంచాలే మూలిగేవి.

జట్కాలో బరువంతా వెనక పడితే గుర్రానికి అటూ ఇటూ ఉండే కర్రలు పైకి లేస్తాయి, బండి తిరగబడుతుంది. అందుకే ఎక్కగానే "ముందుకి జరగండి" అంటారు. ఆవేళ కంగారులో నేను ఎక్కకుండా పక్కన పరిగెడుతున్నాను. ఆసుపత్రి ముందు మిట్ట రాగానే బండివాడు కూడా దిగి, గుర్రాన్ని పట్టుకుని నడిచాడు.

ముందు ఎవరూ లేరు! బండి తిరగబడుతుందని ఎక్కబోయాను.

"ఒద్దు బాబూ, ముందల మా యావిడి కూకున్నాది," అన్నాడు.

తాగి ఉన్నాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. కానీ బండి ఒరగలేదు. మిట్టంతా సమంగా ఎక్కింది.

ఆడవాళ్లని లోపలికి చేర్చి బయటికొచ్చాను. బండివాడు ఖాళీ చోటు వైపు తిరిగి, "ఇంక దిగవే," అన్నాడు. కర్రలు రెండంగుళాలు పైకి లేచాయి. గుర్రం ఒళ్లు విదుల్చుకుంది.

ఏమిటిదని అడిగాను.

"నాను బేరానికెల్లిపోనాను బాబూ. దానికి నొప్పులొస్తే బండి నేక ఇంట్లోనే పోనాది, కడుపులో బిడ్డతోటి. అప్పట్నుంచి పురిటిమనిసి ఎక్కితే ఇదీ ఎక్కుతాది."

పాపం, అతని మొహం చూడలేకపోయాను. ఆ ఖాళీ చోటుకి దండం పెట్టాను.

"అక్కడ నేదు బాబూ. మీ యావిడి కాడికెల్లిపోనాది."

సాయంత్రానికి తల్లీ బిడ్డా దక్కారు. ఆశ వదిలేసుకున్నామని డాక్టరమ్మే చెప్పింది. వాళ్లెలా బతికారో, ఆ కర్రలు ఎందుకు లేచాయో నేనిప్పటికీ చెప్పలేను. బండివాణ్ణి అడిగి, వాళ్లావిడ పేరే మా అమ్మాయికి పెట్టుకున్నాను.